అనుకోని ఖర్చుకు పదిశాతం లెక్క చెల్లదు

ప్రయాణానికి ముందు వేసుకునే ఖర్చుల పట్టికలో చివరి వరుస అనుకోని ఖర్చులది. ఆ వరుసలో ఎంత వేయాలన్న ప్రశ్నకు పత్రికల్లోని ఆర్థిక సలహాల శీర్షికలు, యాత్రా సంస్థల ప్రతినిధులు, నాలుగు ఊళ్లు తిరిగివచ్చిన బంధువులు దాదాపు ఒకే జవాబు చెబుతారు: రైలు లేదా విమాన ఛార్జీలు, బస, భోజనం, దర్శనాలు, స్థానిక ప్రయాణాలు అన్నీ కూడి, వచ్చిన మొత్తంపై పది శాతం, మరీ జాగ్రత్త అవసరమనుకుంటే ఇరవై శాతం, విడిగా ఉంచుకుంటే చాలునని. ఈ సూత్రం ఎంతగా స్థిరపడిపోయిందంటే, పది శాతమే ఎందుకని గాని, అసలు శాతమే ఎందుకని గాని అడిగేవారు అరుదు.

దీన్ని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. మొదటిది, సూత్రం సులువైనది. ఏమీ ఉంచుకోకుండా బయలుదేరే మనిషికి ఎంతో కొంత ఉంచుకోవాలన్న ఆలోచన కలిగించడమే మేలు. రెండోది, రోజులు, దూరం, మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది, ఇబ్బంది ఎదురయ్యే సందర్భాలూ పెరుగుతాయి కనుక ఆ రెంటికీ ఒక నిష్పత్తి ఉంటుందనుకోవడం సహజం. మూడోది, ఎక్కువమందికి ఎదురయ్యేవి చిన్నపాటి అదనపు ఖర్చులే కనుక వాటికి ఆ మొత్తం సరిపోతూనే ఉంది. నాలుగోది, నిజంగా పెద్ద ఆపద వస్తే ఆదుకోవడానికి ఫోన్లో డబ్బు, క్రెడిట్ కార్డు, బీమా ఉన్నాయి. అందుకోసం లక్షలు పక్కన పెట్టాలంటే మధ్యతరగతి, పేద కుటుంబాలు ఇల్లు కదలనే లేవు. ఈ వాదనలను ఒక్కొక్కటిగా పరిశీలించినప్పుడు ఏదీ నిలవకపోవడమే కాక, ఎవరికి రక్షణ ఎక్కువ అవసరమో వారికే ఈ సూత్రం తక్కువ రక్షణ ఇస్తున్నదని తేలుతుంది. అందువల్ల దీనికి సవరణలు చాలవు, దీన్ని విడిచిపెట్టాలి.

1. శాతం దేనిమీద కట్టాలి?

ఒక మొత్తంపై శాతం కట్టడం సబబు కావాలంటే, రాబోయే నష్టం ఆ మొత్తాన్ని బట్టి పెరిగేదై ఉండాలి. ఇల్లు కట్టేటప్పుడు ఇంజినీరు తయారుచేసే ఎస్టిమేటులో అనుకోని పనులకు కొద్ది శాతం కేటాయించడం వెనక ఈ హేతువు ఉంది: సిమెంటు ధర పెరిగినా, కొలతల్లో తేడా వచ్చినా, నష్టం వాడిన సరుకు పరిమాణాన్ని అనుసరిస్తుంది కనుక పెద్ద ఇంటికి పెద్ద తేడా, చిన్న ఇంటికి చిన్న తేడా వస్తుంది. ప్రయాణంలో ఎదురయ్యే ఆపదకు, ఆ ప్రయాణానికి పెట్టిన ఖర్చుకు ఇటువంటి సంబంధం లేదు.

సికింద్రాబాదు నుంచి కాశీకి బయలుదేరిన రెండు కుటుంబాలను ఉదాహరణగా తీసుకుంటే ఈ సంగతి స్పష్టమవుతుంది. రెండింటిలోనూ నలుగురేసి మనుషులున్నారనీ, మొదటి కుటుంబం స్లీపర్ తరగతిలో వెళ్లి సత్రంలో దిగి 25,000 రూపాయలతో యాత్ర ముగించదలచిందనీ, రెండో కుటుంబం విమానంలో వెళ్లి మంచి హోటల్లో దిగి 1,50,000 రూపాయలు ఖర్చు చేయదలచిందనీ అనుకుందాం. పదిశాతం సూత్రం ప్రకారం మొదటివారి చేతిలో 2,500, రెండోవారి చేతిలో 15,000 రూపాయలు అదనంగా ఉంటాయి. రెండు కుటుంబాల్లోని వృద్ధురాలూ ఘాట్ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, ప్రైవేటు ఆసుపత్రిలో ఆ శస్త్రచికిత్సకు లక్ష రూపాయలు దాటడం మామూలు విషయం. ఈ ఖర్చు ఇద్దరికీ సమానమే. పైగా తిరుగు ప్రయాణంలో స్లీపర్ బెర్తు ఎక్కలేని ఆ మనిషిని విమానంలోనో, అంబులెన్సులోనో తీసుకురావలసి వస్తుంది కనుక, చౌకగా వెళ్లిన కుటుంబానికే అసలు లెక్కకూ జరిగిన ఖర్చుకూ మధ్య అంతరం మరింత పెద్దది. యాత్ర ఎంత చౌకైతే రక్షణ అంత పలుచనవుతుందని చెప్పే సూత్రాన్ని జాగ్రత్త అనడానికి వీల్లేదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రుల విషయంలో ఈ అసంబద్ధత పరాకాష్ఠకు చేరుతుంది. బస కొడుకు ఇంట్లో, భోజనం కూతురి వంటింట్లో. కనుక వారి యాత్రా ఖర్చు దాదాపుగా విమాన టిక్కెట్లే. ఇద్దరి టిక్కెట్లకు రెండున్నర లక్షలు అయిందనుకుంటే, పదిశాతం సూత్రం వారికి 25,000 రూపాయలు, అంటే మూడు వందల డాలర్లలోపు, కేటాయిస్తుంది. ఆ దేశంలో ఎమర్జెన్సీ విభాగంలో ఒక్క రాత్రి పరీక్షలకే వేల డాలర్లు కావచ్చు. 1986 నాటి అక్కడి చట్టం ప్రకారం ప్రాణాపాయంలో వచ్చిన రోగిని, డబ్బు కట్టగలడా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా పరీక్షించి, స్థితి కుదుటపడేదాకా ఆసుపత్రి చికిత్స చేయవలసిందే. కాని ఆ చట్టం బిల్లును రద్దు చేయదు, అది తరువాత ఇంటికి వస్తుంది. లెక్కలో టిక్కెట్లు తప్ప వేరే ఖర్చే లేనట్లు కనిపించే ఈ ప్రయాణమే ఒక తెలుగు కుటుంబం చేసే ప్రయాణాలన్నిటిలోకీ ఎక్కువ ఆర్థిక ప్రమాదంతో కూడినది. శాతం లెక్క దీన్ని చూపలేకపోవడం చిన్న లోపం కాదు, ఆ లెక్క పునాదిలోని దోషం.

ఈ విషయాన్ని వృత్తిగా ఆలోచించే వ్యవస్థలు శాతం జోలికి పోలేదు. ఐరోపాలోని షెంగెన్ దేశాలకు వీసా కోరేవారు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలన్నది నిబంధన. అభ్యర్థి ప్యారిస్‌లో ఖరీదైన హోటల్లో దిగినా, స్నేహితుని గదిలో చాప మీద పడుకున్నా ఆ మొత్తం మారదు, ఎందుకంటే ఆసుపత్రి బిల్లూ, రోగిని స్వదేశానికి చేర్చే ఖర్చూ అతడి హోటల్ గది అద్దెను బట్టి ఉండవు.

2. ఒకే పద్దులో మూడు రకాల ఖర్చులు

అనుకోని ఖర్చు అన్న పేరు కింద వేర్వేరు స్వభావం గల మూడు రకాలను కలిపివేయడం ఈ సూత్రంలోని రెండో లోపం. మొదటి రకం ఖర్చులు నిజానికి అనుకోనివి కావు, లెక్కలో రాయనివి. వెయిటింగ్ లిస్టు ఖరారు కాకపోతే తత్కాల్‌లో, అంటే ప్రయాణానికి ముందురోజు అదనపు రుసుముతో తెరిచే కోటాలో, టిక్కెట్టు కొనవలసి రావడం, అర్ధరాత్రి స్టేషన్లో దిగితే ఆటోకు రెట్టింపు ఇవ్వవలసి రావడం, సామాను భద్రపరిచే గదికి, కూలీకి, ప్రత్యేక దర్శనానికి చెల్లించడం, గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తుదారి నడవలేక పెద్దవారు గుర్రమో డోలీయో ఎక్కడం ఇవన్నీ ఆ దారిన వెళ్లిన ప్రతివారికీ తెలిసిన సంగతులే. డెబ్బై ఏళ్ల మనిషి కేదారనాథ్ దారిలో డోలీ ఎక్కడం ఊహించని పరిణామం ఎలా అవుతుంది? వీటిని అసలు పద్దుల్లో చేర్చకుండా పదిశాతంలోకి నెట్టడం వల్ల ఆ పదిశాతం మూడో రోజుకే హరించుకుపోతుంది. ఆపై నిజంగా అనుకోనిది జరిగితే దానికి మిగిలేది ఏమీ ఉండదు.

మనుషులు ఇలా తక్కువ లెక్క వేయడానికి కారణం నిర్లక్ష్యం మాత్రమే కాదని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రణాళికా భ్రమ అనదగిన ధోరణికి పేరు పెట్టారు. తన పని ఎలా సాగాలని మనిషి కోరుకుంటాడో అలాగే సాగుతుందని లెక్క వేయడం, అటువంటి పనులు ఇతరులకు ఎలా సాగాయో తెలిసినా పట్టించుకోకపోవడం దాని లక్షణం. 1994లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ పరిశోధన వ్యాసం సగటున 34 రోజుల్లో పూర్తవుతుందని అంచనా వేయగా వాస్తవంలో 55 రోజులకు పైగా పట్టింది. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు పడుతుందని ప్రత్యేకంగా అడిగినప్పుడు కూడా వారు చెప్పిన సగటు 49 రోజులు దాటలేదు. చెడు కాలాన్ని ఊహించి వేసిన అంచనా సైతం మామూలు వాస్తవాన్ని అందుకోలేదన్నమాట. ఖర్చుల విషయంలోనూ మనసు ఇదే తీరుగా పనిచేస్తే, మొదటే తక్కువగా వేసిన మొత్తంపై పది శాతం కట్టడమంటే తప్పు మీద తప్పును నిలబెట్టడమే.

రెండో రకం మధ్యస్థమైనవి: బండి తప్పిపోవడం, కొండచరియ విరిగి దారి మూసుకుపోతే రెండు రాత్రులు అదనంగా ఉండవలసి రావడం, సామాను పోవడం వంటివి. మూడో రకం అరుదుగా వచ్చి కుటుంబాన్ని కుంగదీసేవి: తీవ్ర అనారోగ్యం, ప్రమాదం, మరణం. మొదటి రకానికి పూర్తి లెక్క కావాలి, రెండోదానికి చేతిలో నగదు కావాలి, మూడోదానికి బీమాయో సమష్టి నిధియో కావాలి. ఈ మూడింటికీ ఒకే అంకె వేయడం ద్వారా పదిశాతం సూత్రం ఏ ఒక్కదానికీ సరైన జవాబు ఇవ్వకుండానే, అన్నిటికీ సిద్ధపడ్డామన్న నిశ్చింతను మాత్రం కలిగిస్తుంది. సిద్ధంగా లేమన్న స్పృహ ఉన్న మనిషి కనీసం మరొక ఏర్పాటు ఆలోచిస్తాడు. సిద్ధంగా ఉన్నానని నమ్మినవాడు ఆలోచించడం మానేస్తాడు. ఈ సూత్రం చేసే హానిలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది.

3. సరిపోయిందన్న సాక్ష్యం

పది శాతం సరిపోతూనే ఉందని చెప్పేవారు చూపే సాక్ష్యం క్షేమంగా తిరిగివచ్చినవారిది. ఆపద రాని ప్రయాణంలో పది శాతమే కాదు, రెండు శాతమైనా సరిపోతుంది. రక్షణకు ఉద్దేశించిన నిధి చాలినదా కాదా అన్నది ఆపద వచ్చిన ప్రయాణాలను చూసి తేల్చవలసిన విషయం. ఆ ప్రయాణాలు చేసినవారు బంధువుల ఇంట పెళ్లిలో కూర్చుని యాత్రా సలహాలు ఇవ్వరు. వారు అప్పులు తీర్చుకుంటూ ఉంటారు.

4. ఆపద ఒంటరిగా రాదు, ధర మునుపటిలా ఉండదు

యాత్రకు ముందు వేసుకున్న లెక్కలో ధరలన్నీ నెమ్మదిగా, ముందుగా, ఎంచుకుని కొన్న ధరలు. అనుకోని ఖర్చు ఎప్పుడూ తొందరలో, ఆ క్షణంలో, ఎంపిక లేకుండా చేసే ఖర్చు. మూడు నెలల ముందు కొన్న టిక్కెట్టు ధరపై కట్టిన శాతం, రేపటి ప్రయాణానికి ఈ రాత్రి కొనే టిక్కెట్టు ధరను అందుకోలేదు. రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో 2016 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన ఫ్లెక్సీ ఛార్జీల విధానంలో సీట్లు నిండేకొద్దీ మూల ఛార్జీ 1.4 రెట్ల దాకా పెరుగుతుంది. ఖరారైన తత్కాల్ టిక్కెట్టును రద్దు చేసుకుంటే తిరిగి వచ్చేదేమీ ఉండదు. విమానాల విషయం చెప్పనక్కరలేదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం, పెద్ద అంతరాయాలు అందరికీ ఒకేసారి వస్తాయి. 2025 డిసెంబరు మొదటి వారంలో, పైలట్ల విధి నిర్వహణ సమయాలపై కొత్త నిబంధనలకు తగినట్లు సిబ్బందిని సమకూర్చుకోని కారణంగా దేశంలో అతి పెద్ద విమానయాన సంస్థ సర్వీసులు కుప్పకూలాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. మిగిలిన సంస్థల టిక్కెట్ల ధరలు విపరీతంగా పెరగడంతో కేంద్ర ప్రభుత్వం మరునాడే గరిష్ఠ పరిమితులు విధించవలసి వచ్చింది: 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపు దూరానికి 12,000, 1,000 నుంచి 1,500 కిలోమీటర్ల దాకా 15,000 రూపాయలు, పన్నులు అదనం. ఇది ప్రయాణికులకు ఊరటగా ప్రకటించిన ధర అన్న సంగతి గమనించాలి. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు నలుగురు రావాలంటే ఆ ఊరట ధరకే 60,000 రూపాయలు. లక్ష రూపాయల యాత్రకు పది శాతం విడిగా ఉంచుకున్న కుటుంబం ఆ డబ్బుతో ఒక్క టిక్కెట్టు కూడా కొనలేదు.

రద్దయిన టిక్కెట్టు డబ్బు తిరిగి వస్తుంది కదా అన్న సమాధానం ఇక్కడ వినిపిస్తుంది. వస్తుంది, కాని కొత్త టిక్కెట్టు డబ్బు ఈ రోజు కట్టాలి, పాత టిక్కెట్టు డబ్బు కొన్ని రోజుల తరువాత ఖాతాలో పడుతుంది. హక్కు వేరు, చేతిలో నగదు వేరు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ దేశంలోని అగ్నిపర్వతం బద్దలై బూడిద మేఘం కమ్మినప్పుడు ఐరోపా గగనతలం దాదాపు ఆరు రోజులు మూతపడి, సుమారు లక్ష విమానాలు రద్దయ్యాయి. అటువంటి వేళ చిక్కుకున్న ప్రయాణికులకు బస, భోజనం విమాన సంస్థే సమకూర్చాలని ఐరోపా సమాఖ్య 2004లోనే నిబంధన చేసింది. అయినా అప్పుడు చిక్కుకున్న ఒక ప్రయాణికురాలు వెయ్యి యూరోలకు పైగా సొంత డబ్బు పెట్టుకోవలసి వచ్చింది. ప్రకృతి ఉత్పాతమైనా సంస్థ ఆ బాధ్యత నుంచి తప్పించుకోలేదని ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది 2013 జనవరిలో. ప్రయాణికులకు ఎంతో అనుకూలమైన చట్టం ఉన్న చోట కూడా, ఆమెకు డబ్బు అవసరమైన రోజుకూ హక్కు స్థిరపడిన రోజుకూ మధ్య రెండున్నర సంవత్సరాలకు మించిన కాలం ఉంది. ఆ వ్యవధిని నింపవలసింది ఆమె దగ్గరున్న డబ్బే.

2020 మార్చి 22న ప్రయాణికుల రైళ్లు ఆగిపోయి, 25 నుంచి దేశీయ విమానాలు కూడా నిలిచిపోయినప్పుడు దక్షిణాది యాత్రికులెందరో కాశీలో వారాల తరబడి ఉండిపోయారు. దేశీయ విమానాలు మళ్లీ ఎగిరింది మే 25న. అటువంటి విపత్తుకు ఏ కుటుంబమూ ముందుగా డబ్బు దాచుకోలేదన్నది నిజమే. అయితే మొదటి వారం రోజులు సత్రం అద్దె, భోజనం, మందుల ఖర్చు చేతిలో ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడా చాలా పెద్దది, ఎందుకంటే ఏ ప్రభుత్వ సహాయమైనా మొదటి రోజునే అందదు.

5. ఫోన్లో ఉన్న డబ్బు

పెద్ద అవసరం వస్తే ఇంటి నుంచి ఎవరో ఒకరు క్షణాల్లో డబ్బు పంపుతారన్న ధీమా యూపీఐ వచ్చాక బలపడింది. ఈ ధీమా ఫోను పనిచేస్తున్నంతసేపే చెల్లుతుంది, ప్రయాణంలో పోయే వస్తువుల్లో మొదటిది ఫోనే. ఫోను పోయి కొత్త ఫోన్లో, కొత్త సిమ్‌తో యూపీఐ తిరిగి నమోదు చేసుకుంటే మొదటి 24 గంటలు సాధారణంగా 5,000 రూపాయలకు మించి పంపనివ్వరు. సిమ్ మార్చిన తరువాత ఒక రోజుపాటు సంక్షిప్త సందేశాలు నిలిపివేస్తారు కనుక బ్యాంకు పంపే ఒక్కసారి సంకేత సంఖ్య, అంటే ఓటీపీ, కూడా అందదు. ఇవి మోసాలను అరికట్టడానికి పెట్టిన మంచి నిబంధనలే, కాని ప్రయాణికుడికి డబ్బు అత్యంత అవసరమైన రోజునే అవి అడ్డుపడతాయి. జమ్మూ కాశ్మీరులో ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు కనుక, వైష్ణోదేవికో అమరనాథ్‌కో వెళ్లిన తెలుగు యాత్రికుడి జేబులోని ఫోను, పోకపోయినా, అతడికి డబ్బు ఇవ్వలేకపోవచ్చు. విదేశాలకు వెళ్లేవారి విషయంలో, రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నియమాల ప్రకారం కార్డుపై విదేశీ వినియోగాన్ని ఖాతాదారుడే ప్రత్యేకంగా తెరిపించుకోవాలి; మరచిపోతే ఆ కార్డు పరాయి దేశంలో చెల్లదు.

క్రెడిట్ కార్డు సొమ్ము నిధి కాదు, అప్పు. గడువులోగా తీర్చలేకపోతే దానిపై వడ్డీ సాలుకు ముప్పై, నలభై శాతం దాకా పోతుంది. అనుకోని ఖర్చుకు అప్పు చేయవచ్చు గదా అని సలహా చెప్పడం, అసలు ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాన్ని వచ్చే నెలకు వాయిదా వేయడం.

6. బీమా ఉందిగా?

బీమా అవసరమే, ఈ వ్యాసం దానికి వ్యతిరేకం కాదు. కాని బీమా ఉందన్న మాటను పదిశాతం సూత్రానికి ఆసరాగా వాడేవారు, ఏ బీమా దేనికి వర్తిస్తుందో చూడడం లేదు. రైలు టిక్కెట్టును ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అర్ధరూపాయి లోపు ప్రీమియంతో ఎంచుకునే ప్రయాణ బీమా మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 10 లక్షల దాకా ఇస్తుంది, అది మెచ్చదగిన ఏర్పాటు. అయితే అది రైలు ప్రమాదాలకు, బండి నుంచి జారిపడడం, దోపిడీ, హింస వంటి చట్టం పేర్కొన్న దుర్ఘటనలకు మాత్రమే. బండిలో గుండెపోటు వస్తే, దిగాక జ్వరంతో ఆసుపత్రిలో చేరితే అది వర్తించదు.

రాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య పథకాల ఆసుపత్రుల జాబితా ప్రధానంగా సొంత రాష్ట్రానికీ, కొన్ని పొరుగు నగరాలకూ పరిమితం. కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్ కార్డు మాత్రం జాబితాలోని ఆసుపత్రుల్లో రాష్ట్రాల హద్దులు దాటి చెల్లుతుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా దాన్ని విస్తరించారు. కాశీ వెళ్లే వృద్ధులకు ఈ కార్డు ముందుగా తీయించి, అక్కడి ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో రాసుకుని బయలుదేరడం ఏ శాతం కన్నా విలువైన సన్నాహం. పదిశాతం సూత్రం ఈ విషయాన్ని ప్రస్తావించనైనా ప్రస్తావించదు, ఎందుకంటే అది అంకె ఇచ్చాక ఆలోచనకు చోటు మిగల్చదు.

అమెరికా వెళ్లే తల్లిదండ్రుల కోసం అమ్మే బీమాలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో ఒక్కో చికిత్సకు ఇంతే అని ముందుగా నిర్ణయించిన మొత్తం ఇస్తారు. బిల్లు ఎంత వచ్చినా ఆ మొత్తం దాటదు. మరో రకంలో రోగి మొదట భరించవలసిన కొంత మొత్తం పోగా మిగిలినదాన్ని పాలసీ గరిష్ఠ పరిమితి వరకు చెల్లిస్తారు. ప్రీమియం తక్కువని మొదటి రకం కొనేవారు ఎక్కువ. రెండు రకాల్లోనూ పాత జబ్బులు, అంటే మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు వంటివి, సాధారణంగా వర్తించవు. కొన్ని పాలసీలు అవి హఠాత్తుగా ముదిరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం, వయసును బట్టి పరిమితులతో, చెల్లిస్తాయి. అరవై దాటిన తెలుగువారిలో ఈ జబ్బులు లేని మనిషి ఎంత అరుదో అందరికీ తెలిసిందే. బీమా ఉందన్న ఒక్క మాటతో ఈ అంతరాలు పూడవు. పైగా అనేక సందర్భాల్లో ముందు చెల్లించి, రసీదులు దాఖలు చేసి, తరువాత రాబట్టుకోవలసి ఉంటుంది. ముందు చెల్లించే ఆ డబ్బు మళ్లీ కుటుంబం చేతి నుంచే రావాలి.

7. పేదవారు ప్రయాణించవద్దా?

ప్రతివాదుల వాదనల్లో గౌరవంగా సమాధానం చెప్పవలసినది ఇదే. 25,000 రూపాయలు కూడబెట్టడానికి రెండేళ్లు పట్టిన కుటుంబాన్ని మరో లక్ష దాచుకుని బయలుదేరమంటే, యాత్ర మానుకొమ్మని చెప్పినట్లే. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న సామెత పుట్టిన కాలంలోనూ మన పల్లెల నుంచి జనం కాశీకి వెళ్లారు. ఇప్పుడు వారిని ఆపే హక్కు ఏ ఆర్థిక సలహాదారుకూ లేదు.

అయితే ఈ అభ్యంతరం పదిశాతాన్ని సమర్థించదు. 2,500 రూపాయలతో బయలుదేరిన కుటుంబం లక్ష రూపాయల ఆపదను ఎదుర్కొన్నప్పుడు ఆ మిగిలిన సొమ్ము ఎక్కడినుంచో వస్తుంది: నూటికి మూడు, ఐదు రూపాయల నెలవడ్డీ అప్పు నుంచి, పుస్తెలతాడు తాకట్టు నుంచి, పిల్లల చదువు ఫీజు నుంచి. ఖర్చును తప్పించలేదు, దాన్ని అతి ఖరీదైన మార్గానికి మళ్లించారు. పేదవాడు ప్రయాణించగలగాలన్నది లక్ష్యమైతే చేయవలసింది అతడికి చిన్న అంకె చెప్పి పంపడం కాదు, అతడి ప్రమాదాన్ని నలుగురి మధ్య పంచడం.

నలభైమంది ఒకే బస్సులో యాత్రకు వెళుతున్నారనీ, ఒక్కొక్కరు 2,500 రూపాయలు విడిగా దాచుకున్నారనీ అనుకుందాం. ఒకరికి లక్ష రూపాయల ఆపద వస్తే అతడి 2,500 నిరుపయోగం, మిగిలిన ముప్పై తొమ్మిదిమంది డబ్బు వారి జేబుల్లోనే తిరిగివస్తుంది. అదే సొమ్మును బయలుదేరే ముందు ఒకచోట చేర్చి, ఎవరికి ఆపద వస్తే వారికి వాడాలని, మిగిలినది తిరిగి పంచుకోవాలని రాతపూర్వకంగా ఒప్పుకుంటే లక్ష రూపాయలు సిద్ధంగా ఉంటాయి. బీమా సూత్రమంతా ఇంతే. విడివిడిగా ఎందుకూ చాలని పదిశాతమే కలిసినప్పుడు పనికి వస్తుంది, అందువల్ల లోపం సొమ్ములో లేదు, ఎవరికి వారు దాచుకోమన్న సలహాలో ఉంది. చీటీలు, పొదుపు సంఘాలు నడిపిన అనుభవం ఉన్న తెలుగు గ్రామాలకు ఇది కొత్త విద్య కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలకు పైగా ప్రయాణం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ఒంటరిగా వెళ్లలేదు, పెద్ద పరివారంతో వెళ్లాడు. ఆ కాలపు యాత్రికుడికి తోడు భక్తికోసమే కాదు, భద్రతకోసం కూడా.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, దాన్ని దాచకూడదు. నాలుగో విభాగంలో చెప్పిన, అందరికీ ఒకేసారి వచ్చే విపత్తును బస్సులోని నలభైమందీ పంచుకోలేరు, ఎందుకంటే నలభైమందీ బాధితులే. 2013 జూన్ మధ్యలో కేదారనాథ్ వరదల్లో చిక్కుకున్నవారిని కొండల మీద నుంచి దించింది సైనిక, వైమానిక దళాలు; ఇళ్లకు చేర్చే ఏర్పాట్లు చేసింది ప్రభుత్వాలు. అటువంటివి వ్యక్తుల పొదుపుతో తీరేవి కావు, ప్రభుత్వ బాధ్యతగా ఉండవలసినవి. వాటిని కూడా అనుకోని ఖర్చుల పద్దులో వేసి కుటుంబం నెత్తిన పెట్టే సలహా, ప్రభుత్వాన్ని దాని బాధ్యత నుంచి చడీచప్పుడు లేకుండా తప్పిస్తుంది.

8. లెక్క ఎక్కడ మొదలు కావాలి

అనుకోని ఖర్చుకు కేటాయింపు యాత్ర ఖర్చు నుంచి మొదలు కాకూడదు. యాత్రలోని అతి దూరపు మజిలీ నుంచి మొదలు కావాలి. ఆ చోటి నుంచి ఉన్నపళంగా, మరునాటి ధరకు, నడవలేని ఒక మనిషితో సహా అందరూ ఇంటికి చేరడానికి ఎంత అవుతుంది, అక్కడ దగ్గరి పెద్ద ఆసుపత్రి చేర్చుకోవడానికి అడిగే అడ్వాన్సు ఎంత, దారి మూసుకుపోతే మూడు నాలుగు రోజులు ఉండడానికి ఎంత అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల మొత్తమే ఆ యాత్రకు కావలసిన కనీస నిధి. బదరీనాథ్‌కు వెళ్లేవారికి ఆ మజిలీ ఋషీకేశ్ నుంచి సుమారు 300 కిలోమీటర్ల కొండదారిలో ఉంది, వానాకాలంలో ఆ దారి చరియలు విరిగి మూతపడుతూ ఉంటుంది. కనుక ఒకే కుటుంబం, ఒకే ప్యాకేజీతో మే నెలలో వెళితే ఒక నిధి, ఆగస్టులో వెళితే అంతకన్నా పెద్ద నిధి కావాలి, ప్యాకేజీ ధర ఆగస్టులో తక్కువైనా సరే. శాతం లెక్క ఇక్కడ సరిగ్గా తలకిందులైన జవాబు ఇస్తుంది. అదే నెల్లూరు నుంచి తిరుపతికి వెళ్లేవారికి ఏ గంటలోనైనా బస్సు దొరుకుతుంది, రాష్ట్రంలోని ఆరోగ్య పథకం చెల్లుతుంది, బంధువులు పూట తిరిగేలోపు చేరుకుంటారు. వారికి కావలసిన నిధి చాలా చిన్నది. ఎక్కువ దాచడమే జాగ్రత్త అన్నది ఈ వ్యాసం వాదన కాదు. సహాయం ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి దాచాలన్నదే వాదన.

ఆ నిధిలో కొంత భాగం నగదుగా, ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర ఉండాలి. దాన్ని యాత్ర ఖర్చుగా భావించకూడదు. ఖర్చు కాకపోతే అది ఇంటి సొమ్ముగా తిరిగి రావాలి. పదిశాతాన్ని బడ్జెట్‌లో భాగంగా చూపడం వల్ల, తిరుగు ప్రయాణానికి ముందురోజు అది మిగులుగా కనిపించి చీరలకు, బొమ్మలకు పోతుంది, ఆ రాత్రి బండి రద్దయితే చేతిలో ఏమీ ఉండదు.

ఈ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి ఖచ్చితమైన జవాబు యాత్రా సంస్థల దగ్గర ఉంది. ఏ మజిలీ నుంచి వెనుదిరగడానికి ఎంత అవుతుందో, ఎక్కడ ఏ ఆసుపత్రి ఉందో ప్రతి సీజన్లో బస్సులు నడిపే నిర్వాహకులకు తెలుసు. అయినా వారి కరపత్రాలు ప్యాకేజీ ధరను పెద్ద అక్షరాల్లో వేసి, మిగిలినదాన్ని చేతిఖర్చులు ప్రయాణికులవే అన్న ఒక్క వాక్యంలో ముగిస్తాయి. ప్రతి మజిలీ ఎదురుగా, అక్కడినుంచి ఒక మనిషి, తోడుతో సహా, మధ్యలో ఇంటికి రావలసివస్తే అయ్యే మొత్తాన్ని ప్యాకేజీ ధర వేసిన పరిమాణంలోనే ముద్రించాలని, ఆ సంస్థలకు అనుమతులిచ్చే పర్యాటక శాఖలు నిబంధన విధించాలి. అడ్వాన్సు కట్టే ముందే ఆ అంకె ప్రయాణికుడి కంటబడాలి.